టోలుగేటుకీ వంతెనకీ మధ్య

మా బావ ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను పక్క సీట్లో కూర్చోనివ్వలేదు. అడగక కాదు. సిగ్గు విడిచి అడిగాను, అక్క చేత చెప్పించాను, ఓసారి బట్టల సంచీతో సహా వెళ్ళి బండి పక్కన నిలబడ్డాను. "నీకూ నాకూ పడదురా, నువ్వు బస్సులో పో" అని అద్దం పైకెత్తుకొని వెళ్ళిపోయాడు. పోనీ అదేమైనా ఆయన సొంత బండా అంటే, కాదు. ఆయనకు సొంత బండి ఎప్పుడూ లేదు.

ఊళ్ళు మారేవాళ్ళ కార్లను చేర్చడం ఆయన పని. ఉద్యోగంలో బదిలీ అయినవాళ్ళు సామాను లారీకెత్తి, తాము రైలెక్కి, కారును మాత్రం ఒక మనిషికి అప్పగిస్తారు. దాన్ని కూడా లారీ మీద ఎక్కిస్తే గీతలు పడతాయని కొందరి భయం. అలాంటివాళ్ళ కోసం ఒక ఆఫీసు, అందులో ఆరుగురు డ్రైవర్లు, ఆ ఆరుగురిలో పెద్ద మా బావ. తాళాలు పుచ్చుకొని ఒంటరిగా బయలుదేరతాడు. నాలుగు వందల కిలోమీటర్లు కావచ్చు, పదిహేను వందలు కావచ్చు. బండి అప్పగించి రైల్లోనో బస్సులోనో తిరిగొస్తాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని మౌనస్వామి అంటారు.

నా పని దానికి సరిగ్గా ఎదురు. బస్టాండులో మైకు ముందు కూర్చొని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెబుతుంటాను. అక్కడ ఎనిమిది గంటలు చెప్పింది చాలక ఇంటికొచ్చి కూడా చెబుతూనే ఉంటానని మా అక్క ఫిర్యాదు. "వాడి ముందు మైకు తీసేసినా వాడికి తెలీదు" అని బావ వంత పాడతాడు. ఇలాంటి ఇద్దరినీ ఒకే ఇంట్లో, పై వాటాలో ఒకరినీ కింది వాటాలో ఒకరినీ పెట్టిన ఘనత మా అక్కదే.

అయితే బావ కూడా మాట్లాడే సమయం ఒకటుంది. ప్రయాణం నుంచి వచ్చి, నిద్రపోయి లేచి, స్నానం చేసి, అక్క కుట్టుమిషను పక్కనున్న కుర్చీలో టీ గ్లాసుతో కూర్చున్నప్పుడు దారి సంగతులు చెప్పేవాడు. గ్లాసు ఖాళీ అయితే కథా ఆగిపోయేది. అందుకే మా అక్క ఆయన కోసం ఇంట్లోకెల్లా పెద్ద గ్లాసు కొంది.

ఆ గ్లాసు పుణ్యమా అని నాకు చాలా దారులు తెలుసు. ఓ డాక్టరుగారి పాత కారుకు ఎడమకు తిప్పినప్పుడల్లా హారను తనంతట తనే మోగేదట. తొమ్మిది వందల కిలోమీటర్లు, ఎడమ మలుపు వస్తోందంటే ముందే చెయ్యి బయటికి పెట్టి, దారిన పోయేవాళ్ళకు దణ్ణం పెట్టుకుంటూ పోయాడు. ఇంకోసారి సముద్రం పక్క రోడ్డు మీద, రోడ్డుకు ఒక వైపే వాన. కుడి అద్దం కారిపోతోంది, ఎడమ అద్దం మీద దుమ్ము దుమ్ములాగే ఉంది. బండి ఆపి, దిగి, వాన అంచు మీద ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసి నిలబడ్డాడట. ఎవరైనా పక్కనుంటే ఆ పని చేసేవాణ్ణి కాదురా అన్నాడు. ఓ సంగీతం మాస్టారి కారులో వెనక సీటు మీద ఫిడేలు పెట్టె ఉంది. మలుపు తిరిగినప్పుడల్లా లోపల అది సన్నగా మూలిగేది. "నీకంటే నయం. మలుపుల్లోనే మాట్లాడింది" అని నా వైపు చూసి గ్లాసు ఎత్తాడు.

ఇంట్లో ఆయన కూనిరాగం తీయగా ఎవరూ వినలేదు. బండిలో మాత్రం గొంతెత్తి పాడతాడట. ఆకలైన చోట ఆపి, టిఫిను డబ్బా ఇంజను మూత మీద పెట్టుకొని, వచ్చే పోయే లారీలను చూస్తూ తింటాడట. ఎటు తిప్పాలో, ఎక్కడ ఆపాలో ఎవరినీ అడగనక్కర్లేదు. ఇవన్నీ సరే, అసలు సంగతి ఇంకొకటుంది. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించేవాడు.

"పెద్ద రోడ్డెక్కి ఓ వంద కిలోమీటర్లు పోయాక ఒకటొస్తుందిరా. చేతులు వాటి పని అవి చేసుకుంటుంటాయి. కళ్ళు వాటిపాటికవి చూస్తుంటాయి. బండి పోతుంటుంది. నేను మాత్రం ఉండను."

"ఉండకపోతే ఎక్కడికి పోతావు?"

"ఎక్కడికీ పోను. ఉండనంతే. మళ్ళీ వచ్చేసరికి ముప్పయ్యో నలభయ్యో కిలోమీటర్లు అయిపోయుంటాయి. ఆ హాయి నీకు చెప్పినా అర్థం కాదు. నీ నోరు మూతపడితే కదా!"

నిజం చెప్పొద్దూ, నాకు కుళ్ళుగా ఉండేది. నా తలలో ఎప్పుడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. ఎక్కువగా నేనే.

ఇక్కడ వాళ్ళ పనిలో ఒక పద్ధతి గురించి చెప్పాలి. బండి తీసుకునే ముందు డ్రైవరు ఒక కాగితం నింపుతాడు. దాని మీద కారు బొమ్మ నాలుగు వైపుల నుంచీ గీసి ఉంటుంది. బండి చుట్టూ తిరిగి, ఉన్న ప్రతి గీతనూ ప్రతి సొట్టనూ ఆ బొమ్మ మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టాలి. కింద యజమాని సంతకం, డ్రైవరు సంతకం. చేరాక మళ్ళీ అదే కాగితం పట్టుకొని చూస్తారు. ఆఫీసులో దాని పేరు తనిఖీ పత్రం. డ్రైవర్లు మాత్రం బండి జాతకం అంటారు. కొత్తగా చేరిన డ్రైవర్లకు జాతకం రాయడం నేర్పేది మా బావే. వేలు ఆనించి చూడాలి, కంటిని నమ్మకూడదు, మోకాలు వంచనివాడు ఈ పనికి పనికిరాడు అని చెప్పేవాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన చేర్చిన ఏ బండి మీదా కొత్త గీత పడలేదు. దాని గురించి ఆయన గొప్పలు చెప్పుకోలేదు గానీ, మేం చెబితే కాదనేవాడు కాదు.

పోయినేడు ఎండలు మొదలయ్యే రోజుల్లో ఒక బ్యాంకు మేనేజరుగారి నీలం కారు వచ్చింది. ఐదు వందల ఇరవై కిలోమీటర్లు, ఒక్క పగటి ప్రయాణం. పొద్దున్నే ఆరింటికి తాళాలు తీసుకొని, సాయంత్రం నాలుగున్నరకు వాళ్ళ కొత్త ఇంటి ముందు ఆపాడు. బ్యాంకాయనా, బడిలో పాఠాలు చెప్పే ఆయన భార్యా అప్పటికే రైల్లో చేరి ఉన్నారు. బ్యాంకాయన జాతకం చేతిలో పట్టుకొని కారు చుట్టూ తిరిగాడు. ముందు ఎడమ వైపు, చక్రం పైన, ఆగాడు.

అక్కడ అరచేతిలో సగమంత సొట్ట. దాని కింద రంగు గీరుకుపోయి ఉంది. సైడులైటు అద్దం చిట్లి ఉంది. కాగితం మీద ఆ వైపు బొమ్మ శుభ్రంగా ఉంది, ఒక్క ఎర్ర చుక్క లేదు.

"దారిలో దేనికో తగిలినట్టుందండీ" అన్నాడు ఆయన. కోప్పడలేదు కూడా. "పోన్లెండి, ఇంత దూరం తెచ్చారు. మనిషికేం కాలేదు, అదే పదివేలు."

మనిషికేం కాలేదు అన్న ఆ మాట మా బావ నెత్తిన పిడుగులా పడింది. టీచరమ్మ వరండాలో సామాను పెట్టెల మధ్య నిలబడి చూస్తోంది. మంచినీళ్ళు తెచ్చిచ్చింది. మళ్ళీ పెట్టెల మధ్యకే వెళ్ళిపోయింది. బావ ఆ సొట్టను ఎర్ర సిరాతో బొమ్మ మీద గుర్తు పెట్టి, పక్కన ఎత్తు రాసి, సంతకం చేసి వచ్చేశాడు.

మర్నాడు ఇంటికొచ్చాడు. పడుకోలేదు. అక్క పెద్ద గ్లాసుతో టీ ఇస్తే కుర్చీ పక్కన కింద పెట్టి మర్చిపోయాడు. "ఏం బావా, ఈసారి దారి మూగబోయిందా?" అన్నాను. నా వైపు చూశాడు గానీ నన్ను చూడలేదు. నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఐదో రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మెట్ల మీద నా కోసం కూర్చొని ఉన్నాడు. ఆయన నా కోసం ఎదురుచూడడం అదే మొదటిసారి.

"రెండో టోలుగేటు గుర్తుంది" అన్నాడు. "గదిలో ఉన్నమ్మాయి చీటీ ఇచ్చింది, ఆ పిల్లకు తుమ్మొచ్చింది, నవ్వింది. అది గుర్తుంది. తర్వాత ఏటి వంతెన మీద ఇనప పట్టీ దాటినప్పుడు చక్రాలు దడదడమన్నాయి. అదీ గుర్తుంది. రెంటికీ మధ్య పద్దెనిమిది కిలోమీటర్లు. ఏమీ లేదురా. ఒక్క చెట్టు లేదు, ఒక్క మనిషి లేదు."

"నువ్వు ఎప్పుడూ చెప్పేదే కదా! నేను ఉండను అని."

"అదే." చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని వాటినే చూస్తున్నాడు. "సొట్ట ఎడమ వైపుంది. రోడ్డంచున మనుషులు నడిచే వైపు. నేను లేనప్పుడు ఈ చేతులు ఏం చేశాయో నాకెలా తెలుస్తుంది?"

 నేను పైకి నవ్వేశాను. మనిషిని గుద్దితే తెలియకుండా ఉంటుందా, బండి ఊగదా, చప్పుడు రాదా అని గుక్క తిప్పుకోకుండా పది కారణాలు చెప్పాను. నా మాటలు నమ్మేవాళ్ళు బస్టాండులో వేలమంది ఉన్నారు. ఈయన నమ్మలేదు. "ముందే ఉందేమో సొట్ట?" అన్నాను చివరికి. "జాతకం మీద సంతకం నాది" అని లేచి లోపలికి పోయాడు.

అక్కకు నడుము నొప్పి అని చెప్పాడు. ఆఫీసుకూ అదే చెప్పాడు. ఆఫీసు నడిపే మేనేజరమ్మ రెండు బండ్లు వేరేవాళ్ళకు ఇచ్చి, మూడో బండికి ఫోను చేసింది. తీయలేదు. అక్కేమో మిషను మీద కర్టెన్లు కుడుతూ కుడుతూ ఆపి, "నడుము నొప్పైన మనిషి రోజంతా ముందుగదిలో అటూ ఇటూ నడుస్తాడా? నీకు తెలుసు, చెప్పు" అని నా మీద పడింది. తెలియదన్నాను. నేను అబద్ధమాడితే అక్కకు ఇట్టే తెలిసిపోతుంది, ఎందుకంటే అప్పుడు తక్కువ మాట్లాడతాను. ఆమె నాతో రెండు రోజులు పలకలేదు.

నా వారపు సెలవు రోజున బావ నన్ను బయలుదేరదీశాడు. బస్సెక్కి రెండో టోలుగేటు దగ్గర దిగాం. అక్కణ్ణుంచి వంతెన దాకా నడుద్దామన్నాడు. నడుస్తామంటే ఏ రెండు కిలోమీటర్లో అనుకున్నాను. పద్దెనిమిదీ నడిచాం. నా చెప్పులు కరిచాయి, నెత్తి మాడింది, దారి పొడుగునా ఆయన్ని తిట్టుకున్నాను. ఆయన రోడ్డంచున తల వంచుకొని, పోయిన ఉంగరం వెతికేవాడిలా నడిచాడు.

రోడ్ల పక్కన ఎన్ని ఒంటి చెప్పులు పడి ఉంటాయో ఆ రోజే చూశాను. ఇన్నేళ్ళుగా బస్సు కిటికీలోంచి ఒక్కటీ చూడలేదు. ప్రతి చెప్పు దగ్గరా బావ ఆగాడు. కాలితో తిప్పి చూసేవాడు, చుట్టూ నేల చూసేవాడు. ఒకటి మగవాళ్ళది, పెద్దది, వారు తెగలేదు. దాని దగ్గర గొంతుక్కూర్చొని ఎంతకీ లేవలేదు.

"బావా, అది ఎప్పటిదో. మట్టి పట్టి గట్టిపడిపోయింది చూడు."

"మట్టి పట్టడానికి ఎన్నాళ్ళు కావాలి?" అని అడిగాడు. నాకు తెలియదు. నాకు తెలియదని చెప్పాను.

టైర్లకు పంక్చర్లు వేసే షెడ్డు ఒకటుంది. దాని యజమాని చేతులకంటిన నల్లటి గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ మా ప్రశ్న విన్నాడు. "పోయిన నెలలోనా? ఏ రోజని చెప్పను? ఇక్కడ రోజూ ఏదో ఒకటి తగుల్తూనే ఉంటుంది. ఆగేవాళ్ళు ఆగుతారు, పోయేవాళ్ళు పోతారు" అన్నాడు. ఆ మాటతో బావ ముఖంలో మిగిలిన నెత్తురు కూడా పోయింది. నాకు ఆ మనిషి మీద ఒళ్ళు మండింది. వాడి తప్పేం లేదు. అయినా మండింది.

పన్నెండో కిలోమీటరు దగ్గర పోలీసు ఠాణా ఉంది. వద్దన్నా వినకుండా లోపలికెళ్ళాడు. కానిస్టేబులు మర్యాదస్తుడే, కుర్చీలు చూపించాడు. ఫలానా తేదీన ఈ రోడ్డు మీద ఏదైనా ప్రమాదం జరిగిందా అని బావ అడిగాడు. కానిస్టేబులు పుస్తకం తిప్పి, ఆ రోజు ఏమీ లేదన్నాడు. నేను లేచి నిలబడ్డాను. బావ లేవలేదు.

"రాయనివి ఉండవాండీ?" అన్నాడు.

కానిస్టేబులు పుస్తకం మూసి, మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. "ఇంతకీ మీకెందుకు?"

బావ నోరు తెరిచాడు. ఆయన నిజం చెప్పబోతున్నాడని నాకు అర్థమైంది. ఇరవై రెండేళ్ళు మౌనస్వామిగా ఉన్నవాడికి ఇక్కడే మాట్లాడబుద్ధయింది! నేను అందుకున్నాను. మా మేనత్త కొడుకు ఇంట్లో అలిగి ఇటు వచ్చాడనీ, వాడికి మతి కుదురు లేదనీ, పచ్చచొక్కా వేసుకున్నాడనీ ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. కానిస్టేబులు జాలిపడి, పచ్చచొక్కా అని రాసుకున్నాడు కూడా. 

వంతెన చేరేసరికి సాయంత్రమైంది. ఇనప పట్టీ మీద లారీలు దడదడమంటూ పోతున్నాయి. బావ పిట్టగోడకు ఆనుకొని నిలబడి, ఏటిని చూస్తూ, ఉన్నట్టుండి అన్నాడు.

"ఎడమ వైపు నేను చూళ్ళేదురా."

"ఏ ఎడమ వైపు?"

"జాతకం రాసేటప్పుడు. కారు వాళ్ళ కాంపౌండు గోడకు ఆనించి పెట్టుంది. చెయ్యి కూడా దూరదు. బండి బయటికి తీసి ఆ వైపు చూడాలి, అదీ పద్ధతి. తీశాను. అప్పటికి సీట్లో కూర్చున్నాను, ఇంజను మంచి చప్పుడు చేస్తోంది, రోడ్డు ఖాళీగా ఉంది. ఊరు లేవకముందే బయటపడొచ్చనిపించింది. దిగబుద్ధి కాలేదు. సీట్లో కూర్చొనే ఎడమ బొమ్మ శుభ్రం అని రాసేశాను. ఆయన టాక్సీ ఎక్కే తొందరలో ఉన్నాడు, సంతకం పెట్టేశాడు."

నాకు ఎంత కోపం వచ్చిందంటే, రోడ్డు మీద అని కూడా చూడకుండా అరిచాను. "ఈ ముక్క ముందే చెప్పడానికేం? పద్దెనిమిది కిలోమీటర్లు నడిపించావు! సొట్ట ముందే ఉండుంటే?"

"ఉండొచ్చు. ఉండకపోవచ్చు. చూడలేదు కదా." తల ఎత్తలేదు. "కొత్త డ్రైవర్లకు నేర్పేది నేను. నేనే చూళ్ళేదని ఏ నోటితో చెప్పను?"

మనిషిని గుద్దానేమో అన్నది నాకు చెప్పగలిగాడు. దిగి చూడలేదు అన్నది చెప్పడానికి ఆయనకు ఇరవై ఆరు రోజులు పట్టింది. మా బావ అలాంటివాడు.

మర్నాడు డ్యూటీ కాగానే బ్యాంకాయన ఖాళీ చేసిన ఇంటికి వెళ్ళాను. కొత్తగా దిగినవాళ్ళు తలుపు తీశారు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చానని చెప్పి పెరట్లోకి, వాకిట్లోకి తిరిగాను. గేటు స్తంభాలు రెండూ సిమెంటువి, తెల్ల సున్నం వేసినవి. ఎడమ స్తంభం లోపలి అంచున, మోకాటికి కొంచెం పైన, సున్నం పెచ్చు లేచి ఉంది. ఆ పెచ్చు మీద నీలం రంగు. గోటితో గీకితే పొడి రాలింది. ఆ పొడిని రుమాల్లో కట్టుకున్నాను. ఎందుకో నాకే తెలియదు.

మేనేజరమ్మ దగ్గర నంబరు తీసుకొని ఫోను చేశాను. టీచరమ్మ తీసింది. నేనెవరో చెప్పి, "మీ పాత ఇంటి గేటు స్తంభం మీద నీలం రంగు ఉందమ్మా" అన్నాను.

అవతల తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత మెల్లగా, "ఆయన ఇంట్లో ఉన్నారు. రేపు చేస్తారా?" అంది.

"చెయ్యను. ఇప్పుడే చెప్పండి."

"బయలుదేరే ముందురోజు సాయంత్రం... బడికి వెళ్ళి అందరికీ వెళ్ళొస్తానని చెప్పి వస్తూ స్తంభానికి తగిలించాను. బండి ముట్టుకోవద్దని ఆయన ఎప్పుడూ అంటుంటారు. ముట్టుకుంటే నలుగురిలో నవ్వుతారు. అందుకని గోడకు ఆనించి పెట్టేశాను. కొత్త ఊళ్ళో మొదటి రోజే గొడవెందుకని..."

"ఇక్కడ ఒకాయన మనిషిని చంపానేమోనని తిండి మానేశాడమ్మా."

"సొట్టే కదా అనుకున్నాను" అంది. ఏడుస్తున్నట్టుంది. "చిన్న సొట్ట. దానికి అంత దూరం ఆలోచిస్తారనుకోలేదండీ."

నాకు జాలి కలగలేదు. ఆ ఇంట్లో ఆమె బాధ ఆమెకు ఉండే ఉంటుంది, నేను కాదనను. కానీ మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పొచ్చు కదా! ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నా పళ్ళు పటపటమంటాయి.

పరుగు లాంటి నడకతో ఇంటికొచ్చి, బావను చొక్కా మార్చుకోనివ్వకుండా ఆ గేటు దగ్గరికి లాక్కెళ్ళాను. దారిలో అంతా చెప్పేశాను. బావ స్తంభం ముందు రెండు మోకాళ్ళూ వంచి కూర్చున్నాడు. నేల మీంచి జానలు కొలిచాడు. ఆ రోజు కాగితం మీద తను రాసిన ఎత్తుతో సరిపోయింది. నీలం రంగు మీద వేలు ఆనించాడు. నేను ఆయన నవ్వుతాడని చూస్తున్నాను. ఇంటికి పోయాక అక్క చేత టీ పెట్టించాలి, పెద్ద గ్లాసులో, అని కూడా అనుకున్నాను.

"సరే" అని లేచాడు. మోకాళ్ళు దులుపుకున్నాడు. "సొట్ట ఎక్కడిదో తెలిసింది."

"ఇంకేం మరి! పీడ వదిలింది."

"ఆ పద్దెనిమిది కిలోమీటర్లూ నేనెక్కడున్నానో ఈ స్తంభం చెబుతుందా?"

జేబులోంచి తీయబోయిన రుమాలు మళ్ళీ లోపలికి తోశాను.

"ఎవరికీ తగల్లేదు. సంతోషం. తగిలున్నా నాకు తెలిసేది కాదు కదరా. ఈ ఒక్క రోజే కాదు. ఇరవై రెండేళ్ళు అలాగే పోయాను. అది హాయి అనుకున్నాను. ఎన్నిసార్లు, ఎన్ని ఊళ్ళ మీదుగా! పిల్లలు రోడ్డు దాటే ఊళ్ళు కూడా ఉంటాయి."  స్తంభానికి చెయ్యి ఆన్చి నిలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూడడం అదే మొదలు, ఇంటి కొత్తవాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారని కూడా ఆయనకు పట్టలేదు.

ఆ రోజే అక్కకు అంతా చెప్పేశాం. అక్క విని, కుట్టుమిషను మీది బట్ట తీసి మడిచి పక్కన పెట్టి, "ఇక వెళ్ళకండి" అంది. "వెళ్ళకపోతే ఏం చెయ్యను?" అన్నాడు ఆయన.  ఆయనకు ఆ పని ఒక్కటే వచ్చు. అది ఒక్కటే ఇష్టం.

రెండు నెలల తర్వాత మేనేజరమ్మ స్వయంగా ఇంటికొచ్చింది. వేరేవాళ్ళకు ఇవ్వలేని బండి, జాగ్రత్తగా చేర్చాలి, మీరే రావాలి అంది. బావ, వస్తాను గానీ పక్క సీట్లో ఒక మనిషి ఉండాలి అన్నాడు. ఆమె ఆశ్చర్యపోయింది. బావ నా వైపు చూశాడు. "వీడు" అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా కోరుకున్న సీటు అది. నేను సంతోషించలేకపోయాను.

సెలవు పెట్టి వెళ్ళాను. అదొక బూడిదరంగు కారు. బావ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు, నేల మీద పడుకొని కింద కూడా చూశాడు. జాతకం మీద చీమ కాలంత గీత కూడా వదల్లేదు. బయలుదేరాక, "మాట్లాడుతూ ఉండు. ఆపకు" అన్నాడు. ఏం మాట్లాడను అన్నాను. "ఇన్నేళ్ళూ అడిగావా, ఏం మాట్లాడనని?" అన్నాడు.

సరే, మాట్లాడాను. బస్టాండులో దొంగలు, మా సూపరింటెండెంటు విగ్గు, అక్క చిన్నప్పుడు నన్ను బావిగట్టు మీద వదిలేసి ఆడుకోవడానికి పోయిన సంగతి. మధ్య మధ్య ఆయన "ఊఁ" అన్నాడు, ఒకసారి నవ్వాడు కూడా. పాట మాత్రం పాడలేదు. టిఫిను డబ్బా ఇంజను మూత మీద పెట్టి తిన్నాం గానీ, ఇద్దరం అటూ ఇటూ నిలబడితే అది ఏదో పని మీద ఆగినట్టే ఉంది. మొదటి టోలుగేటు దాటింది. రెండోదీ దాటింది. ఆ గదిలో ఈసారి ఒక ముసలాయన ఉన్నాడు.

అదే దారి. పంక్చరు షెడ్డు వెనక్కి పోయింది. అప్పుడు నా గొంతు ఎండిపోయింది. నీళ్ళు తాగాను. తాగాక చూసుకుంటే నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. నా జీవితంలో అలా ఎప్పుడూ జరగలేదు. రోడ్డు తిన్నగా ఉంది. రెండు వైపులా పొలాలు ఖాళీగా, ఎండ పల్చగా ఉంది. ఇంజను ఒకే శ్రుతిలో పోతోంది.

బావ వైపు చూశాను. ఆయన భుజాలు మెల్లగా కిందికి దిగాయి. నుదుటి మీద మూడు నెలలుగా ఉన్న ముడి విడిపోయింది. వేలొకటి స్టీరింగు మీద తాళం వేస్తోంది. పెదవులు కదులుతున్నాయి, పాట పైకి రాలేదు గానీ లోపల ఎక్కడో మొదలైంది. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళూ నన్ను పక్కన కూర్చోనివ్వనిది దీనికోసమే అని అప్పుడు అర్థమైంది. ఇంట్లో అక్క పక్కన, టీ గ్లాసు పక్కన కూడా ఆయన అంత సుఖంగా ఉండగా నేను చూడలేదు.

ఒక కిలోమీటరు రాయి పోయింది. ఉండనిద్దాం, ఇంకొంచెంసేపు ఉండనిద్దాం అనుకున్నాను. నేను చూస్తున్నాను కదా రోడ్డు, అనుకున్నాను. రెండో రాయి పోయింది. దూరంగా రోడ్డంచున నెత్తిన గంపతో ఒకామె నడుస్తోంది, ఎడమ వైపు. మా బండి సరిగ్గానే పోతోంది, చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. నేను ఆగలేకపోయాను.

"బావా!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. భుజాలు పైకి లేచాయి, ముఖం మూసుకుపోయింది. బండి నెమ్మదించి, గంపామెను దూరంగా తప్పించి ముందుకెళ్ళింది.

"ఉన్నా" అన్నాడు. కొంచెం ఆగి, "ఉన్నానురా. మాట్లాడు" అన్నాడు.

చెప్పడానికి ఏమీ లేక, బస్టాండులో పొద్దుటి నుంచి వచ్చే బస్సులన్నీ ఒకటో నంబరు ప్లాట్‌ఫారం నుంచి వరసగా చెప్పడం మొదలుపెట్టాను. వంతెన దాటేదాకా ఆపలేదు.